ఇంకొక్కసారి

1-10-2009, గురువారం, ఎమ్మిగనూరు
నిన్నటి నుంచి ఒకటే వాన. పోయిన నెలంతా ఎండిన శనక్కాయ చేలే పంపినా. కరవు పాతదైపోయిందని ఛానెల్ డెస్కులో విసుక్కున్నారు. ఇప్పుడు గంటకోసారి ఫోను. "తుంగభద్ర ఎంతొచ్చింది? బాడీలేమన్నా...?"
వానే ఇంకా నిలబడలేదు.

2-10, శుక్రవారం
మంత్రాలయం మునిగింది. మఠంలోకీ నీళ్లు. మమ్మల్ని సగం దారిలోనే ఆపేసినారు. ఫోనులో లైవ్ ఇచ్చినా. "మీ కళ్ల ముందు ఏం కనిపిస్తోంది?" అంది యాంకరమ్మ. నా కళ్ల ముందు టీ కొట్టు. అందులో టీవీ. టీవీలో నా గొంతే, కొంచెం ఆలస్యంగా, చూడని నీళ్ల గురించి చెప్తా ఉంది. బెంచీ మీదోళ్లు నా పక్క చూసినారు. ఎవురూ నవ్వలేదు.

3-10, శనివారం
పొద్దంతా టీవీలో శ్రీశైలమే. డ్యామ్ కట్టింది 19 లక్షల క్యూసెక్కులకు, వచ్చింది 25 లక్షల దాకా. నిండు మట్టం 885 అడుగులు, అదీ దాటింది. భయం ఊరికే పుట్టింది కాదు. కానీ "తెగుతుందా?" అని ఎర్రక్షరాల్లో తిప్పి తిప్పి వేసేదెందుకు?
కర్నూలులో చిన్నమ్మ వాళ్లు మిద్దె మీదే, రెండో రాత్రి. "డ్యామ్ తెగిందంట కదరా, మేమింక పోయినట్లేనా?"
డ్యామ్ మీకు దిగువన కదా చిన్నమ్మా, అన్నా. విన్నదో లేదో. ఛార్జింగ్ అయిపోయింది.

5-10, సోమవారం, నాగలదిన్నె
వంతెన పోయింది. ఇండ్లల్లో మోకాలి లోతు ఒండ్రు. ఒకామె మగ్గం గుంటలోకి దిగి చేతులతో తోడుతా ఉంది. పడుగు నూలు బురద తాగి తాళ్లయిపోయింది. తమ్ముడు కెమెరా ఆన్ చేసుకునేసరికి ఆమె పైకొచ్చేసింది.
"ఇంకొక్కసారి దిగమ్మా" అన్నా.
దిగింది. కండ్లల్లో నీళ్లు మాత్రం లేవు. కొంచెం ఏడ్చినట్టు... అనబోయి ఆపుకున్నా.
ఆపుకోలేదు. అన్నా. ఇక్కడన్నా నిజం రాసుకోవాల.

6-10
ఆమెది బాగా వచ్చిందంట, డెస్కు మెచ్చుకుంది. వెనక విషాద సంగీతం. మగ్గానికి పరిహారం ఎవరిస్తారన్న నా మాట మాత్రం కోసేసినారు.

11-10, ఆదోని
మార్కెట్ యార్డు. రైతు పిడికెడు పత్తి తీసి పిండినాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు, పసుపు పచ్చగా. ధర ఎంతన్నారో చెప్పడానికి సిగ్గుపడినాడు. పంపినా.
"మునిగినట్టు లేదే, నీళ్లేవి?" అని జవాబు.
పిడికిట్లో ఉన్నాయి సార్, అనాల్సింది. అనలేదు.

14-10
ఫోన్లు తగ్గినాయి. వరద కూడా పాతదైనట్టుంది. నెలాఖరుకు బిల్లు పెట్టుకోవాల. నాగలదిన్నె ఐటెమ్‌కూ రాయాల్నా?

17-10, దీపావళి
నాగలదిన్నెకు పోయినా. కెమెరా లేదు, లోగో లేదు. ఎందుకు పోయినానో.
గుంటలో ఒండ్రు సగం తోడి వదిలేసినట్టుంది, ఎండి పగుళ్లిచ్చింది. ఆమె నన్ను గుర్తుపట్టింది.
"ఏమప్పా, ఇంకొక్కసారి దిగాల్నా?"
నేను నోరు తెరిచే లోపలే చీర కుచ్చిళ్లు దోపుకుంది.