ఘాట్ కింద చిలుము

విశాఖ నుంచి అరకు బయల్దేరిన మేం శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కలేకపోయాం. మొదటి మలుపుల్లోనే హెచ్చరిక దీపం వెలిగి, ఆటోమేటిక్ కారు మూడో గేరులో బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా ఇంజను రొదే తప్ప లాగుడు లేదు. మెల్లగా వెనక్కి దిగి, పంక్చర్లు వేసే కుర్రాడు చూపించిన షెడ్డు ముందు ఆపాం.

నెల కిందట ఇదే దీపం చూసి నగరంలో ఒక వర్క్‌షాపువాళ్లు గేరుబాక్సు దించాలన్నారు. ఆ మాట చెబితే మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"దించడం ఎంతసేపు బాబూ! ముందు తీగ సూద్దాం."

బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజులు, ఎర్తు చూసి స్కానర్ తగిలించాడు. ఒక షిఫ్ట్ సోలెనాయిడ్ సర్క్యూట్ పేరుతో కోడ్ వచ్చింది. "సర్క్యూట్ అంటన్నాది. సోలెనాయిడ్ పోయిందనలేదు కదా" అన్నాడు. నేను ఆ ఊళ్లో నేర్చుకున్న పాఠం అదే.

1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన హైడ్రా-మాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సుకి కంప్యూటరు లేదు, అంతా నూనె ఒత్తిడి పనే. ఇప్పుడు ఆ నూనెకు దారి తెరిచేవి సోలెనాయిడ్లు, వాటికి కరెంటు పంపేది కంప్యూటరు. తీగ తెగినట్టు దానికి తోస్తే కరెంటు ఆపేస్తుంది. అప్పుడు మిగిలే గేరు మా కారులో మూడోది.

ఇగ్నిషన్ ఆపి, కంప్యూటరు ప్లగ్గు విప్పి, మీటరు ఓమ్స్‌లో పెట్టాడు. 14. కుర్రాడు కింద తీగల కట్టను కదిపాడు. 60కి ఎగిరింది, తర్వాత అసలు అంకే లేదు. గేరుబాక్సు దగ్గర ప్లగ్గు ఊడదీసి బాక్సు వైపు పిన్నుల మీదే కొలిస్తే, ఎంత కదిపినా 14. లోపల సోలెనాయిడ్ క్షేమం, రోగం దారిలోనే ఉంది.

ప్లగ్గును వెలుగులోకి తిప్పాడు. రబ్బరు సీలు చిరిగి నీళ్లు దిగాయి. ఒక పిన్ను మీద పచ్చటి చిలుము. గరుకు కాగితం తాకనివ్వలేదు, పిన్ను మీది పూత పోతుందట. స్ప్రే కొట్టి మెత్తటి బ్రష్షుతో తుడిచాడు. వదులైన టెర్మినల్ మార్చి, కొత్త సీలు వేశాడు.

అది అయ్యేలోగా వాళ్లింటి నుంచి చోడి అంబలి వచ్చింది, పక్కన పచ్చి ఉల్లిపాయ. ఆ ఎండలో అంత చల్లటి తిండి ఇంకెక్కడా తినలేదు. మేస్త్రి తన గ్లాసు పక్కన పెట్టి, ముందు మా పిల్లకు పోశాడు.

ఘాట్‌లో గేర్లు ఒక్కొక్కటిగా మారుతుంటే చెవి అటే ఉంది. అరకులో రెండు రోజులూ వానే.

దిగేటప్పుడు షెడ్డు దగ్గర ఆగాం. అడక్కుండానే మేస్త్రి కారు కిందకి దూరి, ప్లగ్గు విప్పి చూశాడు.

"పొడిగానే ఉంది బాబూ. ఎల్లిరండి."