తోడుకోని పాలు

సూరత్ నగరంలోని వరాఛాలో, వజ్రాలకు సానపట్టేవారి ఇండ్ల నడుమ ఒక తెలుగు కుటుంబం కాపురముంటున్నది. మరమగ్గాల పనికై తెలంగాణా జిల్లాల నుండి ఆ నగరానికి తరలిపోయిన వేలాది కుటుంబాలలో అదీ ఒకటి. ఆ ఇంట పాలు తోడుపెట్టే బాధ్యత వృద్ధురాలైన అత్తగారిది. రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ కలిపి మూతపెడితే, తెల్లవారేసరికి గడ్డపెరుగు సిద్ధంగా ఉండవలసిందే.

ఒక వేసవి ఉదయం ఆమె మూత తీసి చూడగా పాలు పాలుగానే ఉన్నాయి.

“తోడు పాతదేమో అత్తమ్మా!” అన్నది కోడలు.

కాని ఆ రాత్రి అదే మజ్జిగ తీసుకుపోయి, ప్యాకెట్టు పాలలో కలిపిన పొరుగింటి గుజరాతీ ఇల్లాలికి పెరుగు చక్కగా తోడుకున్నది. లోపం తోడులో లేదు, పాలలోనే ఉన్నదని వృద్ధురాలు గ్రహించింది. మరునాడు పాలుపోసే మనిషిని నిలదీసింది. అతడు నీళ్ళు నమలలేదు.

“అబద్ధమెందుకు బా! గేదెకు పొదుగు వాచింది. సూదిమందు వేయించాను. నాలుగు రోజులు ఆ పాలు పారబోయమన్నాడు డాక్టరు. ఉన్నవే మూడు గేదెలు. పారబోస్తే దాణా ఖర్చు ఎవరిస్తారు?”

అతని ప్రశ్న చిన్నది. దానికి సమాధానం మాత్రం ప్రపంచం నేటికీ వెతుక్కుంటూనే ఉన్నది.

పొదుగువాపు పాడిపశువులకు తరచుగా వచ్చే జబ్బు. రోగకారక సూక్ష్మజీవులను చంపడానికి ఇచ్చే యాంటీబయాటిక్ మందులో కొంతభాగం పాలలోకి దిగుతుంది. అందుకే ప్రతి మందుకూ ఇన్ని రోజులపాటు పాలు వాడరాదనే గడువు ఉంటుంది. ఆ గడువు పాటించకపోతే మందు మన గిన్నెలోకి వస్తుంది. పాలు కాచినంత మాత్రాన అది నశించిపోదు. పాలను పెరుగుగా మార్చేవి కూడా సూక్ష్మజీవులే కదా! మందు వాటినీ అణచివేస్తుంది. పాలు తోడుకోకపోవడానికి చలి మొదలైన ఇతర కారణాలూ ఉండవచ్చు. అయినా, పెరుగు, జున్ను తయారుచేసే కర్మాగారాలు మందు కలిసిన పాలకు నేటికీ భయపడేది ఇందుకే.

ఒకనాడు పెరుగు లేకపోతే కొంప మునగదు. అసలు ప్రమాదం వేరొకటి ఉన్నది. మందు కొద్దికొద్దిగా తగిలినప్పుడు బలహీనమైన సూక్ష్మజీవులు చస్తాయి. తట్టుకోగలిగినవి మిగిలి వృద్ధిచెందుతాయి. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి స్వీకరిస్తూ చేసిన ప్రసంగంలోనే ఈ హెచ్చరిక చేశాడు.

మందు విలువ ఏమిటో సూరత్ నగరానికి ఒకరు చెప్పనక్కరలేదు. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు పుట్టిందన్న వార్త గుప్పుమన్నది. లక్షలాది జనం రైళ్ళలో, బస్సులలో నగరం విడిచి పారిపోయారు. మిగిలినవారు టెట్రాసైక్లిన్ గొట్టంమాత్రల కోసం మందుల దుకాణాల ముందు బారులు తీరారు. దేశం మొత్తం మీద యాభైమందికి పైగా మరణించినా, మందు పనిచేసింది. కొద్ది వారాలలో ఉపద్రవం సద్దుమణిగింది. నాడు పిల్లలకు తన చేతులతో ఆ మాత్రలు మింగించిన తల్లులలో ఈ వృద్ధురాలూ ఒకతె.

ఆ మందుల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా, అక్కడ పనిచేస్తున్న బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నాడు. అది లోకానికి వెల్లడైన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. మరి రెండేళ్ళకు, 1950లో, అదే సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ఇంకొక విశేషం ప్రకటించారు. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతున్నాయి! ఆనాటి నుండి, రోగులను బ్రతికించే మందు రోగం లేని కోళ్ళకు, పందులకు, దూడలకు దాణాలో దినుసైపోయింది.

దాని ఫలితం ఎంత దూరం పోగలదో మరొక ప్లేగు చెప్పింది. 1995లో మడగాస్కర్ ద్వీపంలో ఒక రోగి నుండి సేకరించిన ప్లేగు క్రిమికి స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ మందులు మూడింటినీ తట్టుకునే శక్తి ఉన్నట్లు తేలింది. ఆ శక్తినిచ్చే జన్యువులను మోసే వలయం వంటిదే అమెరికా దుకాణాలలో అమ్మే మాంసంపై దొరికిన సూక్ష్మజీవులలోనూ ఉన్నదని 2007లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఒక క్రిమి నేర్చిన విద్యను మరొక జాతి క్రిమికి అందించగలదు. పశువుల పాకకూ ఆసుపత్రికీ మధ్య మనం కట్టుకున్న గోడ వాటికి అడ్డు కాదు.

ప్రభుత్వాలు మేల్కొనకపోలేదు. మనుషుల వైద్యానికి అవసరమైన మందులను పశువుల ఎదుగుదల కోసం మేతలో కలపరాదని 1969లోనే బ్రిటన్‌లో స్వాన్ సంఘం సూచించింది. స్వీడన్ 1986లోనూ, ఐరోపా సమాఖ్య 2006లోనూ ఎదుగుదల కోసం ఈ మందుల వాడకాన్ని నిషేధించాయి. వేరే మందులు పనిచేయని రోగులకు చివరి ఆసరాగా నిలిచే కొలిస్టిన్‌ను ఆహారానికై పెంచే పశుపక్ష్యాదులకు వాడరాదని మన దేశం 2019 జూలైలో ఉత్తరువు చేసింది. పాలలో, మాంసంలో మందుల అవశేషాలకు పరిమితులూ విధించబడ్డాయి. ఆణంద్‌లోని జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం కలిపిన లేపనాన్ని రైతులకు నేర్పుతున్నది.

జబ్బుచేసిన గేదెకు మందు వేయవద్దని ఎవరూ అనరు, అనడం క్రూరత్వమే. మందు వేసిన తరువాత పాలు పారబోయాలన్న నియమమూ సరియైనదే. అయితే మూడు గేదెల ఆసామికి ఆ నాలుగు రోజుల పాలే ఇల్లు గడిచే ఆధారం. ఆ నష్టమంతా అతని ఒక్కని నెత్తిన వేసి, స్వచ్ఛమైన పాలు కోరుకోవడం న్యాయమా?

వరాఛాలోని ఆ వృద్ధురాలు దీనిని తనకు తోచిన విధంగా పరిష్కరించింది.

“ఈసారి మందు వేయిస్తే ముందుగా చెప్పు భాయ్. గడువు తీరేదాకా ఆ పాలు పొయ్యకు. ఆ రోజులకు సగం డబ్బు నేనిస్తాను.”

అతడు నవ్వి ఊరుకున్నాడు. మరి కొన్ని నెలలకు ఒక ఉదయం వట్టి చేతులతో వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు.

“నాలుగు రోజులు పాలు లేవు బా!”

ఆమె లోపలికి వెళ్ళి, సగం డబ్బు లెక్కపెట్టి తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆ నాలుగు రోజులూ ఆ ఇంటిల్లిపాదీ పచ్చిపులుసుతోనే అన్నం తిన్నారు.