వెన్నులో కిటికీ

మా మేనకోడలి వ్యాధి పేరు స్పైనల్ మస్కులర్ అట్రోఫీ. ఐదవ క్రోమోజోము మీది ఒక జన్యువు లోపించడం వల్ల వెన్నుపాములోని చలననాడీకణాలు క్షీణిస్తాయి. కండరాల పట్టు సడలి వెన్ను పక్కకు ఒరుగుతుంది.

2016 డిసెంబరులో అమెరికా ఆమోదించిన నుసినెర్సెన్ అనే మందును నేరుగా వెన్నుద్రవంలోకే ఎక్కించాలి. రెండు నెలల్లో నాలుగు మార్లు, ఆపైన నాలుగు నెలలకొకమారు. తిన్నని వెన్నైతే వైద్యుడు నడుము తడిమి సందు పట్టుకుంటాడు. మెలితిరిగిన వెన్నుకు కడ్డీలు బిగించి ఎముకలను అతికించాక వెనుకనుంచి సూదికి దారే మిగలదు. అప్పుడు సీటీ చిత్రాలు చూసుకుంటూ, నరం వెలుపలికి వచ్చే రంధ్రం గుండా పక్కనుంచి పోవాలి. లేదా అతికించేనాడే శస్త్రవైద్యుడు చిన్న కిటికీ వదలాలి. కొనగలమో లేమో తెలియని మందుకు ముందుగానే గుమ్మం పెట్టడమన్నమాట!

కూకట్‌పల్లిలో అక్కయ్య ఇంట్లో ఇప్పుడు ఆ చర్చే. నోటిద్వారా తీసుకునే రిస్డిప్లామ్ ఉన్నది కదా, కిటికీ ఎందుకని నేనన్నాను. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రోష్ అభ్యర్థనను తోసిపుచ్చిన పిదప, మన హైదరాబాదు నాట్కో దానిని సీసా 15,900 రూపాయలకు తెచ్చింది. అంతకుముందు ఆరు లక్షల పైమాటే.

బావగారు కాగితం మీద లెక్క వేశారు. ఇరవై కిలోలు దాటినవారికి సీసా పన్నెండు రోజులే వస్తుంది. ఏడాదికి ముప్పై సీసాలు.

"కిటికీ ఉండనీరా," అన్నది అక్కయ్య.