నాయినమ్మ ఇప్పుడు ఏడుంది?

రండి, మంట దగ్గరికి జరిగి కూర్చోండి. నవంబరు వచ్చిందంటే మా ఖిలా వరంగల్‌లో పొద్దుగూకగానే మట్టికోట మీదుగా చల్లగాలి దిగుతుంది. ఇవాళ మీతో ఒక మాట పంచుకోవాలి. మొన్న మా మనవరాలు అడిగిన ప్రశ్న నన్నింకా వదల్లేదు.

నవంబరు 2 కేథలిక్కులకు ఆత్మల పండుగ. మేం బాప్టిస్టులం. మేం సమాధుల తోటకు వెళ్లేది ఈస్టరు తెల్లవారుజామున. కానీ ఆ రోజు పక్కింటి చెల్లె పూలు, కొవ్వొత్తులు పట్టుకుని బయలుదేరుతుంటే మా పిల్ల కూడా వస్తానంది, వెంట నేనూ వెళ్లాను. వాళ్ల పెద్దల సమాధుల దగ్గర ప్రార్థన అయ్యాక మా ఇంటామె సమాధి దగ్గరికి వచ్చాం. రాతి మీద 'ప్రభువునందు నిద్రించినది' అని ఉంటుంది. పిల్ల కూడబలుక్కుని చదివి నా వైపు తిరిగింది.

"తాతా, నాయినమ్మ పండుకున్నదా? మరి అయ్యగారు ప్రార్థనల దేవుని దగ్గరున్నదన్నడు గద? అసలు ఏడుంది?"

ఎనిమిదేళ్ల పిల్ల! రెండు వేల ఏళ్లుగా సంఘం అడుగుతున్నదే అడిగింది.

రెండు మాటలూ బైబిల్లో ఉన్నవే. థెస్సలొనీకలో తమవాళ్లు చనిపోతే కుమిలిపోతున్న విశ్వాసులకు పౌలు రాసినప్పుడు, వాళ్లు నిద్రిస్తున్నారనీ దేవుని బూర మోగినప్పుడు లేస్తారనీ ధైర్యం చెప్పాడు. అదే లూకా సువార్తలో, పక్క సిలువ మీది దొంగకు యేసు పరదైసును వాగ్దానం చేశాడు, అదీ 'నేడే' అని. లేవబోయేది చివరి రోజున అయితే, ఈ 'నేడు' ఏమిటి?

సెవెంత్‌డే అడ్వెంటిస్టులు దానికొక జవాబు చెబుతారు. పాత గ్రీకు ప్రతుల్లో కామాలు లేవు కదా, 'నేడు' అన్నది చెప్పిన రోజును సూచిస్తుంది గానీ చేరే రోజును కాదు అంటారు. చనిపోయినవారు ఏమీ ఎరగని నిద్రలో ఉంటారని వాళ్ల నమ్మకం. సంస్కర్త లూథర్ కూడా మరణాన్ని నిద్రగా చెప్పడానికే మొగ్గు చూపాడు. మరో సంస్కర్త కాల్విన్ మాత్రం పాతికేళ్ల ప్రాయంలోనే, 1534లో, ఆత్మ నిద్రపోదు, మెలకువతో దేవుని దగ్గరే ఉంటుందని ఒక పుస్తకమే రాశాడు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువమంది ఆ మాటనే పట్టుకున్నారు.

మన కోట కాలంలోనూ ఈ విషయం మీద పెద్ద కలకలం రేగింది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు చిక్కింది. రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా తీసుకుపోయారు. స్వయంభూ దేవుని గుడి కూలింది, నాలుగు దిక్కులా కీర్తి తోరణాలు మాత్రం మిగిలాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 1331 నవంబరు 1న, ఐరోపాలోని అవిన్యో నగరంలో పోపు ఇరవై రెండో జాన్ ప్రసంగం చేస్తూ, నీతిమంతులు కూడా చివరి తీర్పు దాకా దేవుని ముఖాన్ని నేరుగా చూడరు అన్నాడు. పారిస్ పండితులు భగ్గుమన్నారు. 1334లో మరణశయ్య మీద ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. తర్వాతి పోపు పన్నెండో బెనెడిక్ట్, 1336లో, శుద్ధి అక్కర్లేని ఆత్మలు వెంటనే దేవుణ్ణి చూస్తాయని ప్రకటించాడు. ఇంచుమించు అప్పుడే ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి గెలుచుకున్నాడు. ఇక్కడ కోట కోసం తపన, అక్కడ చనిపోయినవారి జాడ కోసం తపన! ఆ రెండో తపన నాకిప్పుడు బాగా అర్థమవుతుంది. మనవాళ్లు ఒకరు మట్టిలో ఉంటే, అది పండితుల వాదం కాదు, రాత్రిపూట నిద్రపట్టనివ్వని ప్రశ్న.

శుద్ధి ఇంకా కావలసిన ఆత్మలు ఉత్తరించు స్థలంలో ఉంటాయనీ, మన ప్రార్థనలు వాటికి తోడవుతాయనీ కేథలిక్కుల విశ్వాసం. అందుకే ఆ రోజు పక్కింటి చెల్లె, "అన్నా, వదినె పేరు మీద గూడ పూజ చెప్పిద్దామా?" అంది. మా సంఘంలో ఆ ఆచారం లేదు. అయినా ఆమె నా భార్యను తన ప్రార్థనలో తలుచుకుంటానంటే, నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు అన్నిటికన్నా ఆసరా అయింది పవిత్ర శనివారం. శుక్రవారం సిలువ దగ్గర ఏడుస్తాం, ఆదివారం తెల్లారకముందే లేచి పాడతాం. నడుమ రోజును దాటేస్తాం. యేసు ఆ రోజంతా సమాధిలోనే ఉన్నాడు. ఆయన పాతాళంలోకి దిగాడని విశ్వాస ప్రమాణంలో చెప్పుకుంటాం. అంటే మా ఇంటామె ఇప్పుడున్న ఆ నడిమి చోటు ఆయనకు తెలియని చోటు కాదు. ముందే వెళ్లి చూసి వచ్చాడు.

ఇంకో మాట. ఆ నడిమి చోటు ఎంత చల్లగా ఉన్నా, అదే ఇల్లు కాదు. శరీరాన్ని గింజలా విత్తుతామని పౌలు కొరింథీయులకు రాశాడు. గింజను మట్టిలో పెట్టేది దాచడానికి కాదు కదా, మొలవడానికి. పాత క్రైస్తవ ఆచారంలో తల పడమరకు, కాళ్లు తూర్పుకు పెట్టి భూస్థాపన చేసేదీ అందుకే. లేచిన మనిషి ముఖం పొద్దుపొడుపు వైపు ఉండాలని.

ఇవన్నీ పిల్లకు ఎలా చెప్పను? పోయిన వేసవిలో డోర్నకల్ వెళ్లి, బిషప్ అజరయ్య గారు కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్ చూసి రైల్లో తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చింది. 1939లో ప్రతిష్ఠించిన గుడి అది.

"బిడ్డా, డోర్నకల్ నుంచి వచ్చేటప్పుడు రైల్ల నిద్రపోయినవు, యాదికున్నదా?"

"ఆఁ."

"అప్పుడు ఏడున్నవ్?"

"నీ ఒళ్లె."

"మానుకోట ఎప్పుడు దాటిందో ఎరుకనా?"

"లేదు. నిద్రల ఉన్న గద!"

"నీకు ఎరుక లేకున్నా నా ఒళ్లెనే ఉన్నవ్. ఇల్లు ఇంక రాలే. వరంగల్ రాంగనే నేను లేపిన. నాయినమ్మ గూడ గట్లనే ఉన్నది బిడ్డా. పండుకున్నది నిజమే, దేవుని దగ్గరున్నది గూడ నిజమే."

అది కాసేపు రాతినే చూసింది. గాలికి ఊగుతున్న కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టి అడిగింది.

"మరి స్టేషన్ వచ్చేదాక నాయినమ్మను ఎవ్వరు కిందికి దించరు గద, తాతా?"

"దించరు బిడ్డా," అన్నాను. "ఎవ్వరు దించలేరు."