హార్బర్ పక్కన ఒక పూట భోజనం

దసరాకో సంక్రాంతికో విశాఖపట్నం వెళ్లే కుటుంబాలు మన పేరెంట్స్‌లో చాలానే ఉంటాయి. ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి చూశాక పిల్లలు అడిగేది ఒకటే: ‘బయట తిందామా?’ ఈసారి వెళ్లినప్పుడు ఒక పూట ఫిషింగ్ హార్బర్ వైపు పెట్టుకోండి. బోట్లు కనిపించేలా టేబుల్ ఇచ్చే సీఫుడ్ రెస్టారెంట్ చూసుకోండి. మేం వెళ్లిన చోట పిల్లలకు కారం తగ్గించి వండమంటే వండారు, చిన్నవాడు సాంబారు ఒలకబోస్తే ఎవరూ మొహం చిట్లించలేదు. కుటుంబంతో వెళ్లేవారికి అంతకన్నా ఏం కావాలి?

రాత్రి కాదు, మధ్యాహ్నం వెళ్లండి. చీకటి పడ్డాక కిటికీలోంచి దీపాలు తప్ప ఏమీ కనబడవు. ఓపికుంటే ఆ రోజు తెల్లవారుజామునే హార్బర్‌కు వెళ్లి చేపల వేలంపాట కూడా చూపించండి. నేల తడిగా, జారుడుగా ఉంటుంది, తెల్ల బూట్లు వద్దు. వాసన వస్తుంది. ముక్కు మూసుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. అక్కడ పనిచేసేవాళ్లు చూస్తుంటారు.

ఈ మాట నేను కాస్త గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాన్న ఆ హార్బర్‌లో ముప్పై ఏళ్లు మరబోట్ల మీద పనిచేశారు. మొదట కళాసీ, తర్వాత డ్రైవర్. చూపు తగ్గి బోటు దిగాక మళ్లీ అటు వెళ్లలేదు. ‘పని లేనోడికి అక్కడేటి పని?’ అనేవారు. 2023 నవంబర్‌లో హార్బర్‌లో మంటలు లేచి పదుల బోట్లు కాలిపోయినప్పుడు కూడా రోజంతా టీవీ ముందే కూర్చున్నారు.

ఆయన్ని కదిలించింది ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బొమ్మ. స్కూల్ ప్రాజెక్టు కోసం తాతయ్య పని గీసింది. మూడు మూలల తెరచాప, దాని కింద గాలం పట్టుకున్న ముసలాయన. నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ‘ఇలాటి బోటు నేనెప్పుడూ ఎక్కలేదమ్మా’ అన్నారు. మరెలాంటిది ఎక్కావో చూపించమంది. అలా మేం ఐదుగురం ఆ కిటికీ పక్కన కూర్చున్నాం.

నాన్న మెనూ తెరిచి, ధరలు చూసి, కార్డు బోర్లా పెట్టేశారు. చందువా ఫ్రై తాజాదేనా అని నేను అడగబోతుంటే ఆపి, చేపనే ఒకసారి తెమ్మన్నారు. వెయిటర్ కుర్రాడు విసుక్కోకుండా లోపలికెళ్లి పచ్చి చేప ట్రేలో పెట్టి తెచ్చాడు. నాన్న మొప్ప ఎత్తి చూశారు, బొటనవేలితో నొక్కి చూశారు. ‘నాలుగైదు రోజులు ఐసులో ఉన్న సేప బాబూ. పాడవలేదు, తినొచ్చు. పెద్ద బోటుదా?’

‘అవును తాతా, రాత్రి దిగిన బోటుది’ అన్నాడు కుర్రాడు.

దీని అర్థం మీకూ తెలిసి ఉండాలి. మరబోట్లు ఐసు నింపుకుని వేటకు వెళ్తే వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సముద్రంలోనే ఉంటాయి. కాబట్టి ‘ఇవాళ్టి చేప’ అంటే ఇవాళ ఒడ్డుకు దిగిందని, ఇవాళ పట్టిందని కాదు. చిన్న పడవలవాళ్లు రాత్రి వెళ్లి పొద్దున వచ్చేస్తారు, తాజాదనం కోరేవారు ఆ చేప ఉందా అని అడగాలి. కళ్లు ఉబ్బి మెరుస్తుండాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, నొక్కితే కండ వెంటనే పైకి రావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. వేసవి సెలవుల్లో వెళ్లేవారు ఇది గుర్తుంచుకుని, మెనూలో ఉన్నదల్లా ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి.

చేప వేగేలోపు మా అమ్మాయి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ బోటులో నిద్రపోయేవాడివి? అన్నం ఎవరు వండేవారు? పది రోజులైతే మరి బాత్రూం? నాన్న కిటికీ అద్దం మీద వేలు పెట్టి కేబిన్, వల లాగే యంత్రం, కింద ఐసు గది ఉండే చోటు చూపించారు. బాత్రూం సంగతికి నవ్వి ఊరుకున్నారు. చివరికి అది, ‘భయమేసేదా తాతయ్యా?’ అంది.

‘గాలొచ్చినప్పుడు ఏసేది. ఒడ్డున మీ అమ్మమ్మకి ఇంకా ఎక్కువేసేది.’

నేను ఆయన కూతుర్ని. చిన్నప్పుడు ఆయన ఇంటికొస్తే వినేది రెండే మాటలు: వేట బాగుంది, లేదా వేట బాలేదు. గాలి సంగతి నేనూ ఆ రోజే విన్నాను.

ఇక తినడం. మన పిల్లలు ‘బోన్‌లెస్’కు బాగా అలవాటు పడ్డారు. మొదటిసారికి చందువా, వంజరం మంచివి, ముళ్లు తక్కువ, ఉన్నవి కంటికి కనబడతాయి. కవళ్లు రుచే గాని సన్న ముళ్ల పుట్ట. ఐదారేళ్ల లోపువారికి మీరే ముళ్లు తీసి పెట్టండి. పెద్దవాళ్లను మీ పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లతోనే తీయించండి, ఫోన్ మాత్రం మీ బ్యాగులో ఉండాలి. ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించడం మన పాత అలవాటు. అది ముల్లును ఇంకా లోపలికి దిగేస్తుంది, డాక్టర్‌కు చూపించడమే సరి. రొయ్య, పీత పడని పిల్లలుంటే ఆర్డర్‌కు ముందే చెప్పండి. చేపలు వేయించే నూనెలోనే రొయ్యలూ వేయిస్తున్నారేమో కూడా అడగండి. వేడి చేస్తే ఆ అలర్జీ పోదు.

నాన్న చందువా నడుము వెంబడి బొటనవేలితో గీత గీసి, పైన కండను రెండు పక్కలకు విడదీసి చూపించారు. మా అమ్మాయి అలాగే చేయబోయి సగం పొడి చేసింది. కాసేపటికి అలవాటైంది. తీసిన ముళ్లన్నీ ప్లేటు అంచున వరసగా పేర్చి లెక్కపెట్టింది, ఇరవై మూడు. తాతయ్య ప్లేటులో ఒక్కటే ఉంది. తల నుంచి తోక దాకా, ఎక్కడా విరగకుండా.