సుడోతో సరిపెట్టుకున్నాను

ఉబుంటు కంప్యూటర్‌కి ఫోన్ తగిలించి 'ఏడీబీ డివైసెస్' అని కొడితే, ఫోన్ సీరియల్ నంబరు పక్కన 'నో పర్మిషన్స్' అని వచ్చేది. యూడెవ్ రూల్స్ సరిగ్గా ఉన్నాయా అని కూడా ఆ వరుసలోనే అడిగేది. నేను అంతదూరం చదవలేదు. కేబుల్ మార్చాను. ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. చివరికి ఏడీబీ సర్వర్‌ని ఆపేసి, సుడో పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. పనిచేసింది. ఇంకేం కావాలి అనుకున్నాను. మీరైనా అంతే అనుకుంటారు.

సుడోతో మొదలైన సర్వర్ రూట్ పేరు మీద వెనకాల నడుస్తూనే ఉంటుంది. తర్వాత సుడో లేకుండా కొట్టినా పని జరిగిపోతుంది కాబట్టి గొడవ తీరిపోయిందనే నమ్ముతాం. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేస్తే మళ్లీ మొదటికే. పైగా ఆండ్రాయిడ్ 4.2.2 నుంచి, అంటే 2013 నుంచి, ఏడీబీతో వచ్చే కంప్యూటర్‌ని నమ్మాలా వద్దా అని ఫోన్ అడుగుతుంది. ఆ నమ్మకానికి వాడే తాళంచెవి రూట్‌ది వేరు, నాది వేరు కాబట్టి రెండోసారీ అడిగింది. నేను ఫోన్‌నే తిట్టుకున్నాను.

ఒక సాయంత్రం విసుగొచ్చి డెవ్ కింద బస్, దాని కింద యూఎస్‌బీ ఫోల్డర్‌లోకి వెళ్లి చూశాను. లినక్స్‌కి తగిలించిన ఫోన్ కూడా ఒక ఫైలే. ఓనర్ రూట్, గ్రూపు రూట్. మిగతావాళ్లు చదవగలరు, రాయలేరు. ఏడీబీకి రాయడం కూడా కావాలి. సీహెచ్‌మాడ్‌తో అనుమతి ఇచ్చాను, ఫోన్ దొరికింది. కేబుల్ తీసి మళ్లీ పెట్టాను. 007 అనే ఫైలు పోయి 008 వచ్చింది. కొత్త ఫైలు, మళ్లీ రూట్‌దే. ఆ అంకెను చూస్తూ ఉండిపోయాను. కేబుల్ తీయగానే మాయమయ్యే ఫైలుకి అనుమతి ఇచ్చి ఏం లాభం? ఫైలు పుట్టేటప్పుడే ఎవరిదో నిర్ణయించేది యూడెవ్. మొదటి రోజు నుంచీ తెర మీద కనిపిస్తున్న పేరే అది.

మిగతాది చిన్న పని. 'ఎల్‌ఎస్‌యూఎస్‌బీ' కొడితే తయారీదారు నంబరు తెలుస్తుంది, షావోమీది 2717. ఆ నంబరుతో ఏది వచ్చినా గ్రూపు ప్లగ్‌డెవ్, మోడ్ 0660 అని యూడెవ్ రూల్స్ ఫోల్డర్‌లో ఒక్క లైను రాసి, రూల్స్ రీలోడ్ చేసి, ఫోన్ తీసి పెట్టాలి. 0666 మాత్రం పెట్టకండి, ఆ కంప్యూటర్ వాడే ప్రతి యూజర్‌కీ మీ ఫోన్ అందుబాటులోకి వస్తుంది. మీరు ప్లగ్‌డెవ్ గ్రూపులో లేకపోతే చేరి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఇవన్నీ చేసే ముందు ఆ రూట్ సర్వర్‌ని ఆపేయండి. అది నడుస్తున్నంతసేపూ మీ రూల్ తప్పైనా ఫోన్ కనిపిస్తూనే ఉంటుంది.