తగ్గాక రండి

నేను పిల్లల అంటువ్యాధుల డాక్టర్ని. వైద్యం ఎంత చేశానో, టీకాల గురించి ఉపన్యాసాలూ దాదాపు అంతే ఇచ్చాను. బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలకీ, టీవీ చర్చలకీ, అపార్ట్‌మెంట్ సంఘాల ఆదివారపు సభలకీ ఎవరు పిలిచినా వెళ్లాను. వాట్సాప్‌లో టీకా మీద పుకారొకటి తిరిగితే రాత్రి కూర్చుని దానికి జవాబు రాసేవాణ్ణి. టీకా వద్దనేవాళ్లే మన పిల్లలకు అన్నిటికన్నా పెద్ద ముప్పని గట్టిగా నమ్మాను. అలా నమ్మిన రోజుల్లోనే నా సొంత ఓపీ నుంచి, టీకా వేయదగిన పిల్లల్ని వేయకుండా ఇంటికి పంపుతూ వచ్చాను. పంపుతున్నానన్న స్పృహ కూడా లేదు. అదే పొరపాటు ఇవాళ్టికీ చాలా ఓపీల్లో జరుగుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను.

తల్లి తొమ్మిది నెలల బిడ్డను తట్టు టీకాకి తీసుకొస్తుంది. బిడ్డకు ముక్కు కారుతుంటుంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటుంది. "జలుబుగా ఉంది కదమ్మా, తగ్గాక రండి" అని సిరప్ రాసి పంపేసేవాణ్ణి. మా సీనియర్లు అలాగే చేశారు. నేనూ చేశాను. నా దగ్గర నేర్చుకున్న కుర్ర డాక్టర్లూ చేశారు. పుస్తకంలో మాత్రం అలా లేదు. మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం, రెండు మూడు విరేచనాలు టీకాకి అడ్డు కావని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. కుర్చీలో కూర్చున్నాక లెక్క మారిపోయేది. టీకా వేసిన రాత్రి జ్వరం పెరిగితే ఆ తల్లి నన్నంటుంది. వేయకుండా పంపితే ఎవరూ ఏమీ అనరు. ఆరు నెలల తర్వాత ఆ బిడ్డకు తట్టు వచ్చినా, నేను రాసిన చీటీతో దాన్ని ముడిపెట్టేవాళ్లుండరు. బిడ్డ కోసం జాగ్రత్త పడుతున్నాననుకున్నాను. ఆ జాగ్రత్తలో ఎక్కువ భాగం నా కోసమే.

పైగా 'తగ్గాక' అంటే ఎప్పుడు? పసిపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. ఒకటి తగ్గి ఇంకోటి వచ్చేలోపు దొరికే రోజుల్లోనే తల్లికి కూలి మానుకునే వీలుండాలి, పెద్దబిడ్డను చూసే మనిషి దొరకాలి, బస్సు ఛార్జీ చేతిలో ఉండాలి. నా నోట్లోంచి తేలిగ్గా వచ్చిన ఆ రెండు మాటలు ఆ ఇంటికి ఒక రోజు కూలి.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది ఒక కంఠసర్పి కేసుతో. డిఫ్తీరియాకి మన వైపు పాతపేరు అది. హైదరాబాదులో ఈ జబ్బు పోనేలేదు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి దశాబ్దాలుగా ఆ పిల్లల్ని చూస్తూనే ఉంది. మా వార్డుకు వచ్చిన పిల్లాడికి ఇంకా బడి వయసు రాలేదు. మెడ ఉబ్బిపోయింది, గొంతులో బూడిదరంగు పొర. యాంటీ టాక్సిన్ సీరం ఎక్కించాం. ఈ సీరం రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు గానీ, అప్పటికే గుండెకు పట్టిన విషాన్ని వెనక్కి లాగలేదు. అందుకే ఈ జబ్బులో ఆలస్యమైన ప్రతి గంటకీ విలువ ఉంటుంది. వాళ్లు ఆలస్యంగానే వచ్చారు.

రౌండ్స్‌లో, విద్యార్థులందరి ముందు, ఆ తల్లిని గట్టిగా అడిగాను: "టీకాలెందుకు వేయించలేదమ్మా?" అడిగానంటున్నాను గానీ, అది నింద. ఆమె ప్లాస్టిక్ కవర్లోంచి టీకా కార్డు తీసింది. పుట్టినప్పటి బీసీజీ, ఆరు వారాలకు వేసే, కంఠసర్పిని కూడా అడ్డుకునే పెంటావాలెంట్ గడులు నిండి ఉన్నాయి. తర్వాతవన్నీ ఖాళీ. "మేం రాలేదా సారూ? వచ్చినం. రెండుమాట్లా సర్దుందని, తగ్గినంక తెమ్మని దవాఖానోళ్లే పంపిన్రు" అంది. కార్డుతో పాటు మడిచి పెట్టిన పాత చీటీ ఒకటి చూపించింది. మా ఆస్పత్రిదే. జలుబు, తగ్గాక టీకా అని రాసి ఉంది. రాత నాది కాదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లది అయ్యుండాలి.

పిల్లాడి గొంతు తేరుకుంది. పొర ఊడింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. రెండో వారంలో గుండె ఆగిపోయింది. డిఫ్తీరియా విషం గుండెను దెబ్బతీసే సమయం సరిగ్గా అదే.

ఆ తర్వాత ఓపీలో నేను చేసిన పని చాలా చిన్నది. టీకా గది వరకూ వచ్చి టీకా లేకుండా వెళ్లిపోతున్న పిల్లల్ని ఆపి, ఎందుకు వెళ్తున్నారో అడగమన్నాను. కారణాలన్నీ రాయించాను. 'నాకు టీకాల మీద నమ్మకం లేదు' అన్నది అరుదుగా వచ్చింది. మిగతావన్నీ మేం చెప్పి పంపిన కారణాలే.

బిడ్డ బరువు తక్కువ, కాస్త పుంజుకున్నాక వేద్దామన్నారట. నిజానికి బక్కచిక్కిన బిడ్డనే తట్టు ఎక్కువగా చంపుతుంది, టీకా ముందు కావలసింది ఆ బిడ్డకే. యాంటీబయాటిక్ వాడుతున్నాడు, కోర్సు అయ్యాక రమ్మన్నారట. మామూలు యాంటీబయాటిక్‌కీ ఈ టీకాలకీ ఏ తగాదా లేదు. కార్డు మర్చిపోయారు, తెచ్చుకోమన్నారట. ఆధారం దొరకనప్పుడు వేయనట్టే లెక్కగట్టి వేయొచ్చు. ఇవాళ టీకా రోజు కాదన్నారట. పల్లెల్లో బుధ, శనివారాల పద్ధతికి అర్థముంది, రోజంతా తెరిచి ఉండే పెద్దాస్పత్రికి ఏం అర్థముంది? రెండో డోసుకి చాలా ఆలస్యమైంది, మళ్లీ మొదటినుంచి మొదలెట్టాలేమో కనుక్కుని చెబుతామన్నారట. మధ్యలో ఎంత ఆలస్యమైనా ఆగిన చోటునుంచే కొనసాగించాలి. పెంటావాలెంట్ మొదలుపెట్టే వయసు దాటితే ఏడేళ్ల లోపు కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీ ఉంది. తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ ఐదేళ్ల లోపు వేయొచ్చు. మా వార్డులో పోయిన పిల్లాడు ఈ హద్దులన్నిటికీ లోపలే ఉన్నాడు.

అన్నిటికన్నా నన్ను సిగ్గుపడేలా చేసిన కారణం సీసా. ఎంఆర్ టీకా పొడిగా వస్తుంది. కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఒక్కో సీసాలో చాలా డోసులుంటాయి. అందుకని మా సిస్టర్ నలుగురైదుగురు పిల్లలు పోగయ్యేదాకా సీసా తెరిచేది కాదు. పదకొండింటికి వచ్చిన తల్లి రెండింటి దాకా చూసి వెళ్లిపోయేది. సిస్టర్ని మందలించబోయాను. "నెలాఖరుకి ఎన్ని డోసులు వేస్టయ్యాయని మీరే కదా సార్ అడుగుతారు?" అంది. నిజమే, అడిగింది నేనే. ఎంతమంది పిల్లలు వెనక్కి వెళ్లారని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఒక్క బిడ్డ కోసం సీసా తెరవొచ్చన్నది ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్న మాటే.

దేశం లెక్క చూసినా కథ ఇదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏడాది దాటిన పిల్లల్లో బీసీజీ అందినవాళ్లు 95 శాతం. టీకాలన్నీ పూర్తయినవాళ్లు 76 శాతం. ఆ రెంటికీ మధ్య ఉన్న కుటుంబాలు కనీసం ఒకసారి మన గడప తొక్కినవే. టీకాకు బద్ధవిరోధులైతే మొదటి సూదికీ వచ్చేవాళ్లు కాదు. వాళ్లు మళ్లీ ఎందుకు రాలేదన్న ప్రశ్న వాళ్లనే కాదు, మమ్మల్నీ అడగాలి. నేనేమో అన్నేళ్లూ టీవీలో, టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన డాక్టరు వేక్‌ఫీల్డ్‌తో యుద్ధం చేశాను. పన్నెండు మంది పిల్లల మీద 1998లో అతను రాసిన ఆటిజం వ్యాసాన్ని 2010లో లాన్సెట్ పత్రిక రద్దు చేసిందని ఎన్ని వేదికల మీద చెప్పానో. చెప్పాల్సిన మాటే, కాదనను. కానీ కంఠసర్పి వార్డులో ఆ పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

రెండో పొరపాటు కూడా ఒప్పుకుంటాను. మొదటిదాని వేరూ ఇందులోనే ఉంది. టీకా గురించి తల్లులకు పూర్తి నిజం చెప్పేవాణ్ణి కాదు. అబద్ధమూ చెప్పలేదు. "ఏమీ కాదమ్మా" అని దాటేసేవాణ్ణి. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ ఎంఆర్ టీకా వేశారు. ఒక బడిలో తల్లిదండ్రులకు అదే హామీ ఇచ్చాను. మర్నాడు వరసలో నిలబడ్డ పిల్లల్లో ఒక అమ్మాయి సూది చూసి కళ్లు తిరిగి పడింది, ఆమెను చూసి ఇంకో ఇద్దరు పడ్డారు. పెద్ద పిల్లలకు సూది వేసేటప్పుడు ఇలా జరగడం మామూలే. పడుకోబెడితే కాసేపట్లో లేచి కూర్చుంటారు. వాళ్లూ లేచారు. కానీ 'ఏమీ కాదు' అన్న డాక్టరు మాట అప్పటికే పోయింది. మధ్యాహ్నానికి తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. ఇలా జరగొచ్చని ముందురోజు ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది.

ఇలా దాటేసిన సంగతి ఇంకోటుంది. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్ మీద టీకా చరిత్ర నాకు తెలుసు. అమెరికాలో 1998లో అనుమతి పొందిన మొదటి రోటా టీకా రోటాషీల్డ్. సుమారు పదివేల మందిలో ఒక బిడ్డకు పేగులో ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోయే ప్రమాదం కనిపించడంతో 1999లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అందుకే ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో పాల్ ఆఫిట్, ఫ్రెడ్ క్లార్క్, స్టాన్లీ ప్లాట్‌కిన్ కలిసి తయారుచేసిన తర్వాతి టీకాను డెబ్బైవేల మంది పసిపిల్లల మీద పరీక్షించి గానీ 2006లో అనుమతించలేదు. మన హైదరాబాదులో తయారైన రోటావాక్ వచ్చాక, 2016లో రోటా టీకాను దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ కథలో రోటాషీల్డ్ ముక్కను నా ఉపన్యాసాల్లోంచి కావాలనే తీసేసేవాణ్ణి, విరోధులకు అస్త్రం ఇచ్చినట్టవుతుందని. ఇప్పుడు ముందు అదే చెబుతున్నాను. టీకాలో లోపముంటే పట్టుకుని ఆపేసే ఏర్పాటు ఉందని తెలిస్తే తల్లికి ధైర్యం పెరుగుతుందే గానీ తరగదు.

నిజం ముందే చెబితే నాకూ ధైర్యం వచ్చేది. పెంటావాలెంట్ వేసిన రాత్రి జ్వరం రావచ్చు, సూది వేసిన చోట వాపు రావచ్చు, పారాసిటమాల్ ఎంత వేయాలో ఇదీ. ఎంఆర్ వేశాక వారం పది రోజులకు కొద్దిగా జ్వరం, పలచగా దద్దుర్లు రావచ్చు. ఇంత చెప్పి పంపిన తల్లి జ్వరం చూసి నన్ను తిట్టదు. తిట్టదని తెలిస్తే, ముక్కు కారే బిడ్డకు టీకా వేయడానికి నా చెయ్యి వెనకాడేది కాదు. దాచినందువల్ల భయం, భయం వల్ల వాయిదా. రెండు పొరపాట్లూ ఒకటే.

యువ డాక్టర్లకు, ఏఎన్ఎం అక్కలకు నా మనవి. టీకా ఆపాల్సిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అదే టీకాకి ఇంతకుముందు ప్రాణం మీదికి తెచ్చిన అలర్జీ, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న బిడ్డకు ఎంఆర్ లాంటి బతికున్న క్రిముల టీకాలు, ఆస్పత్రిలో చేర్చాల్సినంత జబ్బు, కోరింతదగ్గు టీకా తర్వాత వారంలోపు మెదడు జబ్బు. ఇవి లేకపోతే ముందు టీకా వేయండి, తర్వాత జలుబుకి మందు రాయండి. వెనక్కి పంపక తప్పకపోతే ఏ రోజు రావాలో తేదీ వేసి పంపండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఇవాళ పిల్లల కార్డు తీసి చూడండి. ఏడాదిన్నరకి ఎంఆర్ రెండో డోసు, డీపీటీ బూస్టరు, ఐదేళ్లకు మరో డీపీటీ, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ. ఖాళీ గడి కనబడితే మొహమాటపడకుండా వెళ్లండి. ఆలస్యం చేశారేమని ఎవరైనా కసిరితే పట్టించుకోకండి. డాక్టరు "తగ్గాక రండి" అంటే, "ఇవాళ వేయకూడనంత జబ్బు ఉందా డాక్టరుగారూ?" అని అడగండి. చాలాసార్లు లేదనే జవాబు వస్తుంది. వస్తే, అక్కడే, ఆ రోజే వేయించుకుని ఇంటికి వెళ్లండి.